రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) లిస్టులోని ప్రతి ఎలిమెంట్‌కూ రెఫ్ (పేజీలోని ఆ ఎలిమెంట్‌ను నేరుగా అందుకునే దారి) ఎలా పెట్టాలి?

ఎన్ని వరుసలొస్తాయో ముందే తెలియని లిస్టులో ఒక్కో వరుసకూ యూజ్‌రెఫ్ (రెఫ్ తయారుచేసే హుక్) పిలుద్దామని మొదట తోస్తుంది. కుదరదు, హుక్స్‌ను (పేరు "యూజ్"తో మొదలయ్యే రియాక్ట్ ఫంక్షన్లను) లూప్‌లో పిలవకూడదు.

యూజ్‌రెఫ్ ఒక్కటే చాలు. దాని కరెంట్‌లో (రెఫ్ విలువ ఉండే చోటు) జావాస్క్రిప్ట్ మ్యాప్ (ఒక్కో ఐడీకి ఒక్కో విలువను జతచేసి దాచేది) ఒకటి ఉంచి, ప్రతి వరుసకూ రెఫ్‌గా ఒక ఫంక్షన్ ఇవ్వండి. ఎలిమెంట్ పేజీలోకి రాగానే రియాక్ట్ ఆ ఫంక్షన్‌కు నోడ్ (పేజీలోని అసలు ఎలిమెంట్) అందిస్తుంది. దాన్ని ఐటెమ్ ఐడీతో మ్యాప్‌లో దాచండి. ఎలిమెంట్ పోయినప్పుడు అదే ఫంక్షన్‌కు నల్ (ఏమీ లేదని చెప్పే విలువ) వస్తుంది, అప్పుడు ఆ ఐడీని తప్పకుండా డిలీట్ చేయాలి.

2024 డిసెంబర్‌లో వచ్చిన రియాక్ట్ 19లో ఇది ఇంకా తేలిక. ఆ ఫంక్షన్ నుంచే క్లీనప్ ఫంక్షన్ (ఎలిమెంట్ పోయినప్పుడు ఆ ఐడీని డిలీట్ చేసేది) రిటర్న్ చేస్తే నల్ చూసుకునే పని ఉండదు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు: యారో ఫంక్షన్‌ను ఒకే లైన్లో రాస్తే, మ్యాప్ సెట్ మెథడ్ తిరిగిచ్చే మ్యాపే రిటర్న్ అయిపోతుంది, టైప్‌స్క్రిప్ట్ (టైప్‌లను తనిఖీ చేసే జావాస్క్రిప్ట్ రూపం) ఎర్రర్ చూపిస్తుంది. ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టండి, టెన్షన్ ఉండదు.

దయచేసి ఐడీ బదులు ఇండెక్స్ (లిస్టులో స్థానం నంబర్) వాడకండి. సార్టింగ్ చేయగానే మీరు గుర్తుపెట్టుకున్న 3వ నంబర్ వేరే వరుసదైపోతుంది.

రెండర్ (రియాక్ట్ పేజీలో ఏం చూపాలో లెక్కించే దశ) మధ్యలో మ్యాప్ చదవొద్దు. క్లిక్ హ్యాండ్లర్‌లోనో, యూజ్‌ఎఫెక్ట్‌లోనో (రెండర్ తర్వాత నడిచే హుక్) చదవండి.