ఉద్దానం కిడ్నీ రోగులకు ఇచ్చే కరపత్రం బాగుందో లేదో ఎలా తేల్చాలి?

అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి తయారుచేసిన ‘పెమాట్’ అనే కొలమానం ముఖ్యంగా రెండు చూస్తుంది: చదివితే అర్థమవుతుందా, చదివాక ఏం చేయాలో తెలుస్తుందా. మన కరపత్రాలు బోల్తా పడేది రెండో దగ్గరే. ‘ఉప్పు తగ్గించండి’ అంటే కవిటిలో కొబ్బరితోటకు వెళ్లే మనిషికి ఏం తెలుస్తుంది? ‘కూర, ఊరగాయ, ఎండుచేప అన్నీ కలిపి రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే, అంటే టీస్పూన్‌కి కాస్త తక్కువ’ అని ఉండాలి. ‘ఒళ్లునొప్పులకు డాక్టర్ని అడక్కుండా డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు వేసుకోవద్దు’ అని మందు పేరుతో సహా రాయాలి.

ఉద్దానం జబ్బుకి కారణం ఇంకా కచ్చితంగా తేలలేదు. ‘అంతా నీళ్ల వల్లే’ అని కరపత్రం తేల్చేస్తే అనుమానించండి. తెలియని సంగతి తెలియదని చెప్పారా అన్నది రోగులకిచ్చే సమాచారం నాణ్యతను తూచే ‘డిసర్న్’ అనే 16 ప్రశ్నల పద్ధతిలో ఒక ప్రశ్న. అట్ట మీది నాయకుల ఫొటోలకు మాత్రం ఎక్కడా మార్కుల్లేవు!

అచ్చు వేసే ముందు ఒకరిద్దరు రోగులకు చదివి వినిపించి, ‘రేపట్నుంచి ఏం మారుస్తారమ్మా?’ అని అడగండి. ఎక్కడ తడబడితే ఆ వాక్యం మార్చండి.