టిఫిన్ బండి సంపాదనకు ఆదాయం సర్టిఫికెట్ వస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. బీసీ విద్యార్థినిని, ఎప్‌సెట్ రాశాను. నాన్న టిఫిన్ బండి నడుపుతారు. అమ్మ ఇంట్లో పీకో, ఫాల్ కుట్టి నెలకు 2,000 దాకా సంపాదిస్తుంది. నాన్నకు రోజూ 2,500 గిరాకీ అవుతుంది, ఖర్చులు పోను 600 మిగులుతుంది. కానీ ఫోన్‌పే స్టేట్‌మెంట్ తీస్తే ఏడాదికి 4 లక్షలు దాటింది. అది చూస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని, లక్ష అని రాసేస్తే సరిపోతుందని తెలిసినాయన ఒకరు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్కానర్‌లో పడిన 4 లక్షలు మీ నాన్న ఆదాయం కాదమ్మా, అది గిరాకీ. అందులోంచే పిండి, నూనె, పల్లీలు, గ్యాస్, ప్లేట్లు, సాయం చేసే పిల్లాడి కూలి అన్నీ పోవాలి. జీతం వచ్చేవాళ్లకు స్లిప్పు చూపిస్తే పని అయిపోతుంది. సొంత పని చేసుకునేవాళ్లు మాత్రం ఎంత వచ్చిందో, ఎంత పోయిందో రెండూ చూపించాలి. మీ ఇంట్లో రెండోది కాగితం మీద లేదు, చిక్కంతా అక్కడే ఉంది.

ముందు లెక్క వేద్దాం. వానలు, జ్వరాలు, పండగలు తీసేస్తే బండి ఏడాదికి 260 రోజులు నడుస్తుందనుకోండి. గిరాకీ 6,50,000 అవుతుంది, ఖర్చు 4,94,000 పోతుంది, మిగిలేది 1,56,000. అమ్మ సంపాదన 24,000 కలిపితే 1,80,000. అమ్మది చిన్న మొత్తమే కదా అని వదిలేయకండి, తల్లిదండ్రులిద్దరి ఆదాయం కలిపే చూస్తారు. బీసీ విద్యార్థులకు పరిమితి పట్టణాల్లో 2 లక్షలు, పల్లెల్లో 1.5 లక్షలు. అంటే ఉన్నది ఉన్నట్టు రాసినా మీరు అర్హులే. లక్ష అని అబద్ధం రాయాల్సిన అవసరమే లేదు. అలా రాస్తే కింద సంతకం చేసేది మీ నాన్న. రేపు చిక్కు వస్తే సలహా ఇచ్చినాయన కనిపించరు.

అయితే ఆధార్, రేషన్ కార్డు ఇంకా సొంతూరి అడ్రస్‌తోనే ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందు అది మార్పించండి. మీ లెక్కకు పట్టణ పరిమితి వర్తించడం ముఖ్యం, పల్లె పరిమితి అయితే మీరు దాటిపోతారు.

ఇక రుజువులు. మొదట పని ఉందని చూపాలి. నాన్నకు వరంగల్ కార్పొరేషన్ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉందా? లేకపోతే పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా వాళ్లను అడగండి. వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి లోన్ తీసుకుని ఉంటే ఆ కాగితాలూ పనికొస్తాయి. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు 16 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లకు ఉచితం, అందులో చేసే పని నమోదవుతుంది. అమ్మానాన్నలిద్దరికీ చేయించండి. అయితే వీటిలో ఏదీ ఎంత సంపాదిస్తున్నారో చెప్పదు.

అది చెప్పేది నోటుబుక్కు. ఈ రోజు నుంచే మొదలుపెట్టండి: తేదీ, గిరాకీ, సామాను ఖర్చు, మిగిలింది. కిరాణా షాపులో ఉద్దెర ఖాతా ఉంటే దాని ఫొటోలు, గ్యాస్ బిల్లులు, నూనె డబ్బాల చీటీలు దాచండి. పాత నెలలవి ఇప్పుడు కూర్చుని కల్పించి రాయకండి. ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఏడాది లెక్క కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. దాని బదులు కొన్ని వారాల నిజమైన లెక్క పెట్టి, ఏడాదికి ఎలా లెక్కగట్టారో ఒక పేజీలో రాయండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చిట్టీ డబ్బులు, లోన్, చుట్టాలు పంపినవి పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. అవి సంపాదన కాదు.

ఇంకో మాట. బండికో, ఇంటికో లోన్ రావాలని ఏజెంట్లు ఆదాయం ఎక్కువ చూపించి ఐటీ రిటర్న్ వేయిస్తుంటారు. మీ నాన్న పాన్ మీద అలా వేసి ఉంటే ఇప్పుడే తెలుసుకోండి. ఒకచోట 5 లక్షలని, ఇంకోచోట 1.8 లక్షలని ఉంటే మీరు ఎంత నిజం చెప్పినా నమ్మించడం కష్టం.

మీసేవలో దరఖాస్తు పెట్టాక రసీదు నంబరు జాగ్రత్త. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకు వస్తే నాన్న ఇంట్లోనో బండి దగ్గరో ఉండేలా చూసుకోండి. అడిగినదానికి భయపడకుండా, రోజుకు ఇంత గిరాకీ, ఇంత ఖర్చు అని ఆయన నోటితోనే చెప్పాలి. మీరు పక్కన నోటుబుక్కుతో నిలబడితే చాలు. తిరస్కరిస్తే కారణం అడిగి, తక్కువైన కాగితం జతచేసి మళ్లీ పెట్టండి.

కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల పరిశీలనప్పుడు ఆ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చిన ఆదాయం సర్టిఫికెట్ అడుగుతారు. కాబట్టి ర్యాంకు వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే దరఖాస్తు పెట్టండి.