బొచ్చు కింద చెయ్యి పెట్టి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టాయ్ పూడిల్ అనే ఉంగరాల బొచ్చు చిన్న కుక్క గురించే. అన్నీ చదివాక ఒకటి అనిపించింది. దాని అందమంతా ఆ బొచ్చులోనే ఉంది, దాని కష్టమంతా కూడా ఆ బొచ్చు కిందే దాక్కుంటుంది. అందుకే ప్రతి జవాబులోనూ కళ్లతో చూసి ఊరుకోకండి, చేత్తో తడమండి అనే చెప్పాల్సి వచ్చింది.

ప్రశ్న: మా పూడిల్‌కి పది నెలలు. రోజూ బ్రష్ చేస్తాను. అయినా గ్రూమింగ్‌కి తీసుకెళ్తే లోపలంతా జడలు కట్టేసిందని చెప్పి మొత్తం గొరిగేశారు. చూసి ఏడుపొచ్చింది. నేను చేసిన తప్పేంటి?

జవాబు: మీ శ్రద్ధలో లోపం లేదండీ, బ్రష్ పైపైనే తిరుగుతోంది, అంతే. పూడిల్ బొచ్చు రాలదని అందరూ అంటారు కానీ అదీ రాలుతుంది. రాలిన వెంట్రుక కింద పడకుండా పక్కనున్న ఉంగరాల్లోనే ఇరుక్కుంటుంది. మిగతా కుక్కలున్న ఇళ్లలో సోఫా మీద కనిపించే వెంట్రుకలన్నీ మీ ఇంట్లో కుక్క ఒంటి మీదే ఉండిపోతాయన్నమాట. పైగా మీరు చెప్పిన వయసు చాలా గడ్డు కాలం. తొమ్మిది పది నెలలప్పటి నుంచి పిల్లప్పటి మెత్తటి బొచ్చు పోయి, చుట్టలు తిరిగే గట్టి బొచ్చు వస్తుంది, కొన్ని నెలల పాటు ఆ రెండూ పెనవేసుకుంటాయి. అప్పుడు నిన్న దువ్విన చోటే ఇవాళ చిక్కు పడుతుంది.

ఇలా చేసి చూడండి. కుక్కని పక్కకి పడుకోబెట్టి, పాదం దగ్గర మొదలుపెట్టి, ఒక చేత్తో బొచ్చు పైకెత్తి పట్టుకోండి. పాపిడి తీసినట్టు చర్మం గీతలా కనిపించాలి. ఆ గీత దగ్గర్నుంచి కొద్దికొద్దిగా బొచ్చు కిందికి వదులుతూ సన్నటి తీగలుండే స్లికర్ బ్రష్‌తో తేలిగ్గా దువ్వండి. నొక్కి దువ్వితే ఆ సన్నటి తీగలు చర్మాన్ని గీరేస్తాయి, ముందు మీ ముంజేతి మీద ఒకసారి రుద్దుకుంటే ఎంత బలం పెట్టాలో తెలిసిపోతుంది. అలా ఒళ్లంతా అయ్యాక స్టీలు దువ్వెన తీసుకోండి. అది చర్మం దాకా దిగి ఎక్కడా ఆగకుండా బయటికొస్తేనే దువ్వడం అయినట్టు. ముఖ్యంగా చెవుల వెనక, చంకల్లో, తొడల లోపల, హార్నెస్ (ఛాతీకి కట్టే పట్టీ) రాసుకునే చోట చూడండి.

చిక్కు ఉండగా స్నానం మాత్రం చేయించకండి. తడి తగిలితే అది బిగుసుకుని గట్టి ఉండ అయిపోతుంది. ముందు దువ్వాలి, తర్వాత స్నానం, ఆ తర్వాత తక్కువ వేడిలో ఆరబెడుతూ మళ్లీ దువ్వాలి. జడ కట్టిన చోట కత్తెర పెట్టకండి, చర్మం ఆ ఉండలోకి లాక్కుని ఉంటుంది, వెంట్రుక అనుకుని చర్మాన్నే కోసేస్తాం. వాళ్లు గొరిగేసి మంచి పనే చేశారు. జడ కట్టిన బొచ్చు కుక్క కదిలినప్పుడల్లా చర్మాన్ని లాగుతుంది, లోపల తడి నిలిచి పుండ్లు పడతాయి. మళ్లీ పెరుగుతుంది, బాధపడకండి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తిరింపు ఎలాగూ తప్పదు కాబట్టి పొట్టిగానే ఉంచేసినా దానికేం లోటు రాదు. అసలు పోటీల్లో కనిపించే ఆ గుత్తుల కత్తిరింపు కూడా పనిలోంచి పుట్టిందే. పూడిళ్లు ఒకప్పుడు నీళ్లలో దిగి వేటగాడు కొట్టిన బాతుల్ని తెచ్చే కుక్కలు, ఈతకి అడ్డం రాకుండా వెనక భాగం గొరిగి, చలికి కాపుగా ఛాతీ మీద, కీళ్ల దగ్గర మాత్రం వదిలేవారు. మీ కుక్కకి మీకు వీలైనంత పొడుగే సరైన పొడుగు.

ప్రశ్న: మా పూడిల్ పిల్లకి పది వారాలు. నిన్న పొద్దున ఎంత లేపినా లేవలేదు, నిలబెడితే తూలింది, వణికింది. తిండి తిన్నాక మామూలైంది. డాక్టర్‌కి చూపించాలా?

జవాబు: చూపించాలి, ఇవాళే. ఇది చాలావరకు రక్తంలో చక్కెర పడిపోవడం. ఇంత చిన్న ఒంట్లో చక్కెర నిల్వ ఉండేదే తక్కువ, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉన్నా, చలి పట్టినా, ఆటలో పడి తిండి మరిచినా, విరేచనాలైనా అది ఇట్టే అయిపోతుంది. రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి, చివరిది మీరు పడుకునే ముందు, మొదటిది లేవగానే. మళ్లీ అలా అయితే తేనె గానీ చక్కెర పాకం గానీ వేలికి రాసి చిగుళ్లకి రుద్దండి. సోలిపోయి ఉంటే నోట్లో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. వెచ్చగా చుట్టి వెంటనే బయల్దేరండి. కడుపులో పురుగులున్నా, కాలేయంలో పుట్టుకతో లోపమున్నా ఇలాగే కనిపిస్తుంది, కాబట్టి తేనెతో తేరుకుంది కదా అని వదిలేయకండి.

ఇంకో మాట. బొచ్చు వల్ల పిల్ల బంతిలా బొద్దుగా కనిపిస్తుంది, కింద ఎముకలు తేలిపోయి ఉన్నా తెలియదు. రోజూ ఒకే వేళకి వంటింటి త్రాసు మీద తూచి రాసిపెట్టుకోండి. పెద్దయ్యాక కూడా రెండు మూడు కిలోలు ఉండే జీవి అది, వంద గ్రాములు తగ్గినా లెక్కే.

ప్రశ్న: పరిగెడుతూ ఉన్నట్టుండి వెనక కాలు ఎత్తేసి రెండు మూడు గెంతులు వేసి, మళ్లీ ఏమీ కానట్టు నడుస్తుంది. నొప్పితో అరవదు. ఆటనుకోవచ్చా?

జవాబు: ఆట కాకపోవచ్చు. టాయ్ పూడిళ్లలో మోకాలి చిప్ప గాడి తప్పి పక్కకి జారడం బాగా ఎక్కువ, మళ్లీ గాడిలో పడగానే కాలు దించేస్తాయి. ఆ గెంతడం ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి, ఎందుకంటే డాక్టర్ ముందు అది చక్కగా నడిచి చూపిస్తుంది. దీన్ని నాలుగు స్థాయిలుగా చెప్తారు. మొదటి రెండిట్లో చాలా కుక్కలు బరువు అదుపులో ఉంటే ఏళ్ల తరబడి బాగానే తిరుగుతాయి, ఆ పైన తరచుగా ఆపరేషన్ అవసరపడుతుంది. రెండున్నర కిలోల కుక్క రెండొందల గ్రాములు పెరగడమంటే అరవై కిలోల మనిషి దాదాపు ఐదు కిలోలు పెరిగినట్టు. ఆ భారమంతా ఆ చిన్న మోకాళ్ల మీదే. మంచం మీంచి దూకనివ్వకుండా చిన్న మెట్లు పెట్టండి, నున్నటి నేల మీద చాపలు పరవండి, పాదాల కింద పెరిగిన బొచ్చు కత్తిరించండి. నెలకోసారి రెండు తొడలూ రెండు చేతులతో పట్టుకుని పోల్చండి. ఒకటి సన్నబడిందంటే నొప్పితో ఆ కాలు వాడట్లేదని అర్థం, పైకి అరవకపోయినా సరే. ఏడాది లోపు పిల్లైతే తుంటి ఎముక కూడా ఎక్స్‌రే తీయించాలి. మన పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రం సగం ముక్క కూడా ఇవ్వకండి, ప్రాణం మీదికొస్తుంది.

ప్రశ్న: ఎనిమిది నెలలు. కోరపన్ను పక్కనే ఇంకో సన్నటి కోర కనిపిస్తోంది.

జవాబు: ఊడని పాలపన్ను. 28 పాలపళ్లు పోయి 42 గట్టి పళ్లు ఏడు నెలల లోపు రావాలి. రెండిటి సందులో తిండి ఇరుక్కుని చిగురు పాడవుతుంది, అందుకని తీయించేయండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఎలాగూ అనుకుంటే అదే మత్తులో ఇదీ అయిపోతుంది. రోజూ కుక్కల పేస్ట్‌తోనే పళ్లు తోమండి, మన పేస్టుల్లో కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది వాటికి విషం.

ప్రశ్న: అరచేతిలో ఇమిడే టీకప్ పూడిల్ కొనాలని మా అమ్మాయి పట్టు. ఎలా పెంచాలి?

జవాబు: కొనకండి. టీకప్ అనేది అమ్మేవాళ్ల మాట, కుక్కల జాతుల్ని నమోదు చేసే గుర్తింపు పొందిన కెన్నెల్ క్లబ్బుల లెక్కలో టాయ్ కంటే చిన్న పూడిల్ లేదు. ఇందాక చెప్పిన చక్కెర, మోకాలి, పళ్ల సమస్యలు ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ పెరుగుతాయి. మామూలు టాయ్ పూడిల్‌నే తీసుకోండి, తల్లిని చూపించమనండి, తల్లిదండ్రుల మోకాళ్లు, కళ్లు పరీక్ష చేయించిన కాగితాలు అడగండి. ఎనిమిది వారాలు నిండకుండా ఇస్తామంటే వద్దని వచ్చేయండి.

ప్రశ్న: మా దానికి పదమూడేళ్లు. రాత్రిళ్లు గోడలకి కొట్టుకుంటోంది. వయసే కదా అంటున్నారు ఇంట్లో. నాకు మనసొప్పట్లేదు.

జవాబు: మీ మనసు చెప్పిందే వినండి. మొదట చీకట్లోనే తడబడితే కంటి లోపలి రెటీనా మెల్లగా పోయే జబ్బు కావచ్చు, ఈ జాతిలో అది వంశపారంపర్యంగా వస్తుంది, దానికి మందు లేదు. శుక్లమైతే ఆపరేషన్‌కి అవకాశముంది. ఏదో తేల్చేది డాక్టరే, త్వరగా వెళ్లండి.

చూపు పోయినా బతుకు పోదు. మా దానికి పద్నాలుగో ఏట కళ్లు పూర్తిగా పోయాయి. సామాన్లు కదపడం మానేశాం, ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవడం అలవాటు చేసుకున్నాం, నీళ్ల గిన్నె ముందు ఒక గరుకు పట్టా వేశాం. పాదానికి ఆ గరుకు తగలగానే అది ఆగి, తల వంచి నీళ్లు తాగేది. వారం పట్టింది నేర్చుకోవడానికి.