సైన్యాలు గ్లాక్ లాంటి పిస్టల్స్‌కు ఎందుకు మారాయి? బరువు తగ్గుతుందనేనా?

బరువు తగ్గడం నిజమే. గ్లాక్‌కు ముందు చాలా సైన్యాలు వాడిన బ్రౌనింగ్ హై-పవర్ పిస్టల్ ఖాళీగా కిలోకు కాస్త తక్కువ తూగుతుంది, గ్లాక్ 17 సుమారు 630 గ్రాములే. కానీ అసలు కారణం అది కాదంటాను. ఆర్మరర్‌గా, అంటే ఆయుధాల మరమ్మతు చూసేవాడిగా, ఈ రెండింటినీ విప్పి, శుభ్రం చేసి, బిగించి ఇచ్చినవాణ్ణి. సర్వీస్ పిస్టల్ చరిత్రంతా నాకు ఒక్క చిక్కుముడి చుట్టూనే తిరిగినట్టు కనిపిస్తుంది: చాంబర్‌లో (గొట్టం వెనక తూటా పేలే గదిలో) రౌండ్, అంటే తూటా, ఉన్న పిస్టల్‌ను నడుముకు పెట్టుకుని ప్రమాదం లేకుండా తిరగడం ఎలా?

అమెరికా సైన్యం 1911లో తీసుకున్న జాన్ బ్రౌనింగ్ .45 పిస్టల్‌కు పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీలు రెండు: పిడి వెనక ఒకటి, బొటనవేలి దగ్గర ఒకటి. ఈ రెండోది అశ్వికదళం పట్టుబట్టి పెట్టించుకున్నది. అయినా హ్యామర్ (ముందుకు పడి తూటాను పేల్చే సుత్తిలాంటి భాగం) వెనక్కి లాగి ఉన్న పిస్టల్‌ను సిపాయి నడుముకు కట్టాలంటే పై అధికారులు జంకుతారు.

హై-పవర్‌దీ అదే గొడవ. బ్రౌనింగ్ 1926లో చనిపోయాక దాన్ని బెల్జియంలో డ్యూడోనే సైవ్ పూర్తిచేశాడు, 1935లో బయటికొచ్చింది. మ్యాగజైన్‌లో, అంటే పిడిలో తొడిగే తూటాల పెట్టెలో, రెండు వరుసలుగా 13 రౌండ్లు పట్టించడం ఆ రోజుల్లో పెద్ద మాట. అయితే పాత మోడళ్లలో సేఫ్టీ మీట మరీ చిన్నది. పైగా మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ నొక్కినా హ్యామర్ పడదు. అన్‌లోడ్ చేశాక హ్యామర్ దించాలంటే ఖాళీ మ్యాగజైన్ మళ్లీ తొడగాలి. కొత్తవాళ్లు ఇక్కడే తడబడేవారు. అందుకే మా దగ్గర చాంబర్ ఖాళీగానే ఉంచమనేవారు. అవసరం పడితే పిస్టల్ తీసి, పైన జారే స్లైడ్‌ను రెండో చేత్తో లాగి రౌండ్‌ను చాంబర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే గురి. రెండో చెయ్యి ఖాళీగా లేకపోతే అంతే సంగతులు.

జర్మనీ 1938లో వాల్తర్ పి38తో వేరే దారి పట్టింది. మీట నొక్కితే హ్యామర్ భద్రంగా దిగుతుంది, మొదటి రౌండ్‌కు ట్రిగ్గర్‌ను బరువుగా, పొడవుగా లాగాలి. అమెరికా 1985లో ఎం9గా తీసుకున్న బెరెట్టాదీ ఇదే పద్ధతి. మొదటి లాగుడు బరువు, రెండోది తేలిక. ప్రాక్టీస్ తక్కువున్నవాడి టార్గెట్ మీద మొదటి రంధ్రం విడిగా పడేది అందుకే.

గాస్టన్ గ్లాక్ అంతకుముందు తుపాకీ తయారుచేసినవాడు కాదు. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న ఆయన పిస్టల్‌కు బయట హ్యామర్ లేదు, బొటనవేలి మీటా లేదు. ట్రిగ్గర్ నొక్కనంతవరకు లోపలి సేఫ్టీలు తూటాను పొడిచి పేల్చే ఫైరింగ్ పిన్‌ను కదలనివ్వవు. మొదటి రౌండ్ నుంచి 17వ దాకా లాగుడు ఒకటే. నేర్పేవాడికి ఇంతకన్నా ఏం కావాలి! బ్రిటన్ కూడా దశాబ్దాలు వాడిన బ్రౌనింగ్‌ను 2013లో పక్కనపెట్టి దీన్నే తీసుకుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. మ్యాగజైన్ తీశాం కదా అని చాంబర్ చూడకుండా నొక్కితే పేలుతుంది. నేను కంటితో చూసి, వేలు పెట్టి తడిమి కూడా చూసుకునేవాణ్ణి.

అమెరికా 2017లో ఎంచుకున్న సిగ్ ఎం17కు విప్పేటప్పుడు ట్రిగ్గర్ నొక్కే పని లేదు. కానీ బొటనవేలి సేఫ్టీ మళ్లీ వచ్చింది, సైన్యమే అడిగి పెట్టించుకుంది. కాల్పులు సాధన చేసే రేంజ్‌కు అరుదుగా వెళ్లే సిపాయికి మీట లేని పిస్టలే మేలని నా నమ్మకం. హడావిడిలో మరిచిపోయేది ఆ మీటనే. అయితే ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) మాత్రం తప్పనిసరి, మెత్తని గుడ్డ హోల్‌స్టర్‌లో దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు.