కజిన్ అంటే బావా, అన్నా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను ప్రైమరీ స్కూల్ టీచరుగా రిటైరయ్యాను. మా ఆయన పోయి ఏడాదిన్నర అయింది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదంటే మా అమ్మాయి ఇంగ్లిష్‌లో ఒక డిటెక్టివ్ సిరీస్ తెచ్చిచ్చింది. మొత్తం ఏడు పుస్తకాలు. స్కాట్లాండ్ పక్కన ఒక చిన్న దీవి, అక్కడ బేకరీ నడిపే ఒకావిడ హత్యల గుట్టు విప్పుతూ ఉంటుంది. అట్ట బాగుందని నాలుగోది ముందు తీశాను. ఆ ఊరు నచ్చింది, ఆవిడా నచ్చింది. కానీ సగం మంది పేర్లు ‘మెక్’తోనే మొదలవుతాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక ఒకటే టెన్షన్. ఆదివారం పడవ లేదని ఒకచోట కథే ఆగిపోయింది, ఎందుకో అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చదవమంటారా? ఇంకో మాట. ఇంట్లో చావు చూసినదాన్ని, హత్యల కథలు చదివి హాయిగా నిద్రపోతున్నాను. ఇది తప్పా?
– ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అమ్మా, ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. తప్పు కాదు. ఏమాత్రం కాదు. మా నాన్న పోయిన సంవత్సరం నేను కూడా ఇవే చదివాను. కోజీ మిస్టరీ అంటారు వీటిని. హత్య మన కళ్లముందు జరగదు, రక్తం వర్ణించరు. పోయినాయన గురించి ఊళ్లో ప్రతి ఒక్కరూ నాలుగు మాటలు చెప్తారు, ఎవరో ఒకరు క్యారేజీలో అన్నం పట్టుకొచ్చినట్టు కేకో సూపో తెచ్చి పెడతారు. చివరి పేజీకి ‘ఎందుకు’ అన్నదానికి జవాబు దొరుకుతుంది. మనింట్లో పోయినవాళ్ల విషయంలో ఆ ‘ఎందుకు’కు జవాబు దొరకదు. ఎన్ని రాత్రులు నన్ను నేనే అడుక్కున్నానో. అందుకే ఆ పుస్తకం మూశాక నిద్ర వస్తుంది. వస్తే పడుకోండి.

ఇక పేర్ల సంగతి. ‘మెక్’ అంటే కొడుకు అని. పాతకాలపు ఫలానా ఆయన కొడుకు అన్న మాటే ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఆ దీవుల్లో ఒకే ఇంటిపేరు వాళ్లు వీధి నిండా ఉంటారు కాబట్టి వాళ్లు మారుపేర్లతోనే పిలుచుకుంటారు. మన పక్క పల్లెల్లో ముగ్గురు మునస్వాములుంటే మోటారు మునస్వామి, చింతమాను మునస్వామి అన్నట్టు. కాబట్టి ఇంటిపేరు వదిలేసి మారుపేరు పట్టుకోండి.

అసలు చిక్కు వరసల దగ్గర ఉంది. ఇంగ్లిష్‌లో అంకుల్ అంటే మేనమామో చిన్నాన్నో తెలియదు. కజిన్ అంటే అన్నో బావో తెలియదు. అది తెలియకపోతే మనకు మనిషి మొహమే కనపడదు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసేటప్పుడు క్యాటలాగ్ అంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి పాత కార్డులు పక్కన పడేశారు. ఒక కట్ట ఇంటికి తెచ్చుకున్నాను. దీవి కథ ఏది మొదలుపెట్టినా ఆ కార్డుల వెనక, కార్డుకు ఒక మనిషిని రాస్తాను. పేరు, మారుపేరు, ఇల్లు ఎక్కడ, కింద మన వరస. మేనమామ, తోడికోడలు, షడ్డకుడు, వియ్యపురాలు. అలా రాస్తున్నప్పుడే ఒక కథలో హంతకుడు దొరికిపోయాడు. సముద్రం ఒడ్డున ఉన్న ఇంటి మీద పెత్తనం చేసే అంకుల్ ఒకాయన. చిన్నాన్న అనుకుని రాశాను. పది పేజీల తర్వాత ఆయన తల్లికి తమ్ముడని తెలిసింది. ఇల్లేమో తండ్రి వైపుది. వాటా లేని మనిషికి కాగితాల మీద అంత ఆత్రం ఎందుకు? చిన్నాన్న కొట్టేసి మేనమామ అని దిద్దుతుంటే ఒళ్లు ఝల్లుమంది. మీరు చిత్తూరులో అన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పారు, ఏ పిల్లాడు ఎవరి మనవడో తెలిసినవారు. మీకంటే బాగా ఈ పని ఎవరు చేస్తారు? డిటెక్టివ్ కథల రచయిత్రి అగాథా క్రిస్టీ కథల్లో మిస్ మార్పుల్ అని పల్లెలో ఉండి హత్యల గుట్టు విప్పే పెద్దావిడ ఉంది. 1930లో వచ్చిన ఆమె తొలి నవల నుంచీ క్రిస్టీ ఆవిడ చేత చేయించింది ఇదే. కొత్త మనిషిని చూడగానే మా ఊళ్లో ఫలానావాడిలా ఉన్నాడే అనుకుంటుంది ఆవిడ.

దీవి ఎందుకంటారా? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు తడ, సూళ్లూరుపేట మా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, వాటితో పాటు పులికాట్ సరస్సులోని ఇరకం దీవి కూడా. ఒకసారి పడవ మీద వెళ్లాను. ఎక్కగానే పక్కనున్న అవ్వ ‘ఎవరింటికి పోతావుండావు?’ అని అడిగింది. ఒడ్డు చేరేలోగా నేనెవరో, ఎందుకొచ్చానో పడవంతా తెలిసింది. అలాంటి చోట బయటివాడు వచ్చి హత్య చేసి పోలేడు. చేసినవాడు ఇంకా అక్కడే ఉంటాడు, చావింటికి వచ్చి పలకరిస్తాడు కూడా. దీవి కథకు బలం అదే.

ఆదివారం పడవ సంగతి కథకుడి కల్పన కాదు. ఆ పశ్చిమ దీవుల్లో కొన్నిచోట్ల ఆదివారం పూర్తిగా ప్రార్థనకే. లూయిస్ దీవిలోని స్టోర్నోవే నుంచి అవతల స్కాట్లాండ్ ఒడ్డునున్న ఉల్లాపూల్‌కు ఆదివారం పడవ 2009 జూలైలో గానీ మొదలుకాలేదు. కాబట్టి ఎవరైనా ‘ఆదివారం నేను ఊళ్లో లేను’ అంటే ఆ కార్డు మీద ఒక గీత పెట్టుకోండి.

అవును, మొదటి పుస్తకం నుంచే చదవండి. ఒక్కో పుస్తకంలో హత్య వేరు, మనుషులు మాత్రం వాళ్లే. పెళ్లిళ్లవుతాయి, మాటలు ఆగిపోతాయి, మళ్లీ కలుస్తాయి. నాలుగోదాంట్లో హంతకుడు ఎవరో తెలిసిపోయిందని దిగులు పడకండి. మొదటి మూడింటిలో అతను మామూలు మనిషిగా కనపడితే, ఏం మాట్లాడాడో, ఎవరింట్లో భోంచేశాడో కార్డులో రాసుకోండి. నాలుగోది రెండోసారి చదివాక ఆ కార్డులో ఏముందో నాకు తప్పకుండా రాయండి.