పాత లైటు కొనే ముందు వెలిగించి చూపించమనండి

"కొత్తింట్లో పెట్టుకోడానికి పాతకాలం లైట్లు కావాలి, కర్నూలులో యాడన్నా దొరుకుతాయా, అసలుదో నకిలీదో ఎట్లా తెలుస్తుంది" అని అడిగినారు కదా. దొరుకుతాయి. వన్‌టౌన్‌లో, కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలోనే, ఒక సందులో చిన్న అంగడి ఉంది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే ఉండాల. పేరు మాత్రం చెప్పను, ఏమీ అనుకోవద్దండి. ఎవడో వీడియో తీసి పెట్టినప్పటి నుంచి హైదరాబాద్ బెంగళూరు హైవే మీద పోయే కార్లోళ్లంతా లోపలికి తిరుగుతున్నారు, మామూలు లాంతరు కూడా మాలాంటోళ్లు ముట్టుకోలేని రేటుకు పోయింది.

అంగడాయన్ని మేమంతా చాచా అంటాము. పైన దూలాలకు పంపు కొట్టి కిరసనాయిలుతో వెలిగించే గ్యాసు లైట్లు, గోడకు గోడలాంతర్లు, కింద పెట్టెల్లో చిమ్నీలు, బర్నర్లు, నల్ల బేకలైట్ స్విచ్చులు, పింగాణీ హోల్డర్లు. 2009 అక్టోబర్ వరదకు వన్‌టౌన్ మునిగినప్పుడు ఆ అంగడి కూడా మునిగింది. ఆ బురదలో వైర్లు ఉన్న సామానంతా పనికిరాకుండా పోయింది, కిరసనాయిలువి మాత్రం కడిగి ఎండబెడితే మళ్లీ వెలిగినాయి అంటాడు చాచా. నన్నడిగితే పాత లైట్ల గురించి అంతకుమించి తెలుసుకోవాల్సిందేమీ లేదు.

నంద్యాలలో ఇల్లు కట్టుకున్న మా బామ్మర్దిని ఒకసారి తీసుకపోయింటి. వాడు ఇంటీరియర్ అమ్మాయి పంపిన ఫోటో పట్టుకొచ్చినాడు. పెట్రోమాక్స్ లైటు, బంగారంలాగా తళతళా మెరుస్తా ఉంది, ట్యాంకు అడుగున బెజ్జం కొట్టి వైరు లాగి లోపల పసుపు ఎల్‌ఈడీ బల్బు పెట్టినారు. "ఇట్లాంటిది కావాల చాచా" అన్నాడు. చాచా ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "దీన్ని పాడుచేసినోడు ఎవరు ప్పా?" అన్నాడు. తర్వాత దూలం మీంచి ఒకటి దించినాడు, తెల్లగా మాసిపోయినట్టుంది. బామ్మర్ది మొహం వాడిపోయింది, ఇత్తడిది కాదా అని. ఇత్తడే, పైన నికెల్ పూత. పాత పెట్రోమాక్స్‌లు చాలావరకు అట్లాగే వచ్చేవి. ఫోటోలో పచ్చగా మెరిసేది పూతంతా గీకేసి బ్రాసో అనే ఇత్తడి పాలిష్ కొట్టిందంట. ఈ ఇంటీరియర్ వాళ్ల మీద నాకు ఎప్పటినుంచో కోపం, ఎద్దులబండి చక్రం టేబుల్ అయింది, రోకలి ల్యాంప్ అయింది, ఇంకేం మిగిల్చినారో.

సరే, చాచా కింద కూర్చుని ట్యాంకులో కిరసనాయిలు పోసి మూత బిగించినాడు. కొత్త మేంటిల్, అంటే వెలుగిచ్చే చిన్న బట్ట సంచి, తీసి దారంతో కట్టినాడు. లైటు లోపలుండే చిన్న గిన్నెలో కొంచెం స్పిరిట్ పోసి అగ్గిపుల్ల గీసినాడు. మేంటిల్ నల్లబడి, ముడుచుకుని, చివరికి తెల్లటి బూడిద గూడు మిగిలింది, ఇంక దానికి వేలు తగిలినా రాలిపోతుంది. బామ్మర్ది "ఇంకా ఎంతసేపు" అంటా ఉన్నాడు. పైన గొట్టం బాగా కాలితే తప్ప కిరసనాయిలు ఆవిరి కాదు, తొందరపడి పంపు కొడితే పచ్చిమంట లేచి మసి కక్కుతుంది. చాచా ఆగి ఆగి, స్పిరిట్ అయిపోయే ముందు పంపు మొదలుపెట్టినాడు. బుస్సుమని చప్పుడు, ముందు పసుపు, ఆ తర్వాత ఒక్కసారిగా తెలుపు. సందులో కూరగాయల బండాయన కూడా తిరిగి చూసినాడు. పీర్ల పండక్కి, బయలాటలకి, పెండ్లి మెరవణికి మా చిన్నప్పుడు నెత్తిమీద పెట్టుకుని నడిచిన లైటు అదే.

అంతా అయినాక మా వాడు అడిగింది, "వైరు ఏ పక్క నుంచి లాగొచ్చు చాచా?"

చాచా అమ్మలేదు. గాలి వదిలేసి, లైటు ఆర్పి, మళ్లీ దూలానికి తగిలించినాడు. వాడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు, తుప్పులాగా పెయింట్ వేసిన రేకు డబ్బా, ఇప్పుడు వాళ్ల హాల్లో వేలాడతా ఉంది, వచ్చినోళ్లకంతా మా తాతది అని చెప్తాడు. మా మామ పక్కనే ఉండి వింటాడు, ఏమీ అనడు.

అసలు నకిలీ సంగతికొస్తే, పేరు చూసి మోసపోవద్దు. పెట్రోమాక్స్ అనేది బెర్లిన్‌లోని ఎరిక్ అండ్ గ్రెట్జ్ కంపెనీది, మాక్స్ గ్రెట్జ్ అనే ఆయన పేరుమీద వచ్చింది, మనోళ్లు మాత్రం ప్రతి గ్యాసు లైటునీ పెట్రోమాక్స్ అనే అంటారు. అయస్కాంతం పెట్టండి, టక్కున అంటుకుంటే అది ఇత్తడి కాదు, ఇనప రేకు. ట్యాంకు అడుగున తర్వాత అతుకు వేసింటే ఎంత చౌకగా ఇచ్చినా వద్దు, లోపల ప్రెజర్ ఉంటుంది. పంపు కొట్టి కాసేపు వదిలేసి, మూత దగ్గర సబ్బునీళ్లు రాయండి, బుడగలొస్తే లీకు. పంపు గాలి పట్టకపోతే భయపడొద్దు, తోలు వాచరు ఎండిపోయింటుంది, రెండు చుక్కలు నూనె చాలు. కిరసనాయిలు దొరకలేదని పెట్రోలు మాత్రం పోయొద్దండి, ఇల్లే పోతుంది.

లస్టర్ల గురించి, అదే పైనుంచి వేలాడే గాజు దీపాల గురించి కూడా ఎవరో అడిగినారు. మన దగ్గర వేలాడే ప్రతి గాజుముక్కా బెల్జియందే, అమ్మేవాడు అట్లాగే చెప్తాడు. నూటికి తొంభై అబద్ధమే అని నా నమ్మకం. పాత కరెంటు లైటు ఏది కొన్నా లోపలి రబ్బరు వైరు పీకేసి కొత్తది వేయించండి, ఆ రబ్బరు ఎండి పొడిపొడి అయిపోయింటుంది, ఇత్తడి బాడీకి ఎర్త్ కూడా ఇప్పించండి. ఎలక్ట్రీషియన్ "ఏం కాదు సార్" అంటాడు, వినొద్దు.

నేనైతే కరెంటుది కొనను. వెలిగించుకునేది కొంటా. రేషన్‌లో కిరసనాయిలు ఆగిపోయినాక అదే పెద్ద తలనొప్పి అయింది, ఇప్పుడు లీటరు కోసం ఊరంతా తిరగాల. మేంటిల్స్ అయితే చాచా దగ్గర కూడా అయిపోవచ్చినాయి, అనంతపురం, కడప వైపు పాత హార్డ్‌వేర్ అంగళ్లలో మిగిలినవి ఎవరైనా చూసింటే చెప్పండి, పెద్ద సైజువి, 500 క్యాండిల్ వెలుగిచ్చే పెద్ద లైటుకు సరిపోయేవి.