పదో తరగతికి వచ్చిన అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,

పెదనాన్న ఆశీస్సులు. పదో తరగతిలోకి వచ్చావు కదా, ఇక ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ నీకు సలహా ఇస్తారు. హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి, నేను మాత్రం ఊరుకుంటానా! అయితే చదువు సంగతి తర్వాత. ముందు నీ పేరు చూసుకో.

పబ్లిక్ పరీక్షలకు బడి నుంచి పంపే విద్యార్థుల వివరాల జాబితా, అంటే నామినల్ రోల్స్‌లో ఏముంటే మార్కుల మెమో మీదా అదే అచ్చవుతుంది: ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, చివరికి పుట్టుమచ్చలు కూడా. రేపు పాస్‌పోర్టుకైనా, ఉద్యోగానికైనా ఆ కాగితమే అడుగుతారు. సంతకం పెట్టమనగానే పెట్టేయకు. ఆధార్ కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క 'హెచ్' ఎక్కువ పడినా, తర్వాత దిద్దించడానికి మీ నాన్న కాళ్లరిగేలా తిరగాలి. పావుగంట పని, అయినా పిల్లలు పట్టించుకోరు.

ఇక చదువు. హిందీలో 20 వస్తే పాసే కదా అని మన పిల్లలు దాన్ని పక్కన పడేస్తారు. నీకేమో నూజివీడు ట్రిపుల్ ఐటీ మీద మనసు. అక్కడికి ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే చూస్తారు. ఆ 600లో లెక్కలు ఎంతో హిందీ అంతే, చెరొక 100. త్రికోణమితిలో ఒక్క లెక్క కోసం సాయంత్రమంతా కూర్చునే ఓపిక ఉన్నదానివి, హిందీ లేఖలకు ఓ అరగంట ఇవ్వలేవా?

గైడులో జవాబు చూసి 'ఓస్, ఇంతేనా' అనుకుంటే లెక్క వచ్చినట్టు కాదు. గైడు మూసేసి తెల్లకాగితం మీద చెయ్యి. ఆదివారాలు గడియారం ఎదురుగా పెట్టుకుని పాత ప్రశ్నపత్రం ఒకటి రాయి. నేను దిద్దిన పేపర్లలో తెలిసి కూడా సమయం చాలక వదిలేసినవి తక్కువేమీ కాదు. పరీక్షలో ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాల్లోనే ఏది ముందు రాయాలో తేల్చుకో.

ఫోను గురించి మీ అమ్మ ఎలాగూ చెబుతుంది, నేను చెప్పను.

సంక్రాంతి దాటితే ఇంటర్ కాలేజీల వాళ్లు ఇంటికే వస్తారు. ఇప్పుడే సీటు తీసుకుంటే ఫీజు తగ్గిస్తామంటారు. ఫలితాలు వచ్చేదాకా రూపాయి కట్టవద్దని మీ నాన్నకు నేను ఫోను చేసి చెబుతాను. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ మాత్రం రాసి ఉంచు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు లెక్కల నోటుబుక్కు తెచ్చుకో.

నీ పెదనాన్న